ఆఖరి గదిలో మనిషి

గేదెకు ఎడమ కొమ్ము కిందికి వంగి ఉంది. దామోదర్ చేతిలోని చెంచా పెరుగన్నంలోనే ఆగిపోయింది.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు.

సాత్విక్ ఫోనును మళ్ళీ మంచినీళ్ళ సీసాకు ఆనించి నిలబెట్టాడు. సోమవారం మధ్యాహ్నం. అమెరికాలోని ట్రాయ్‌లో కార్లకు వైర్ల కట్టలు డిజైన్ చేసే ఆఫీసు అది. క్యాంటీన్‌లో జనం పల్చగా ఉన్నారు. సాత్విక్‌ది వరంగల్. ఎమ్మెస్ పూర్తిచేసి జనవరిలోనే ఉద్యోగంలో చేరాడు. ఎవరు ఒంటరిగా తింటున్నా వెళ్ళి ఎదురుగా కూర్చుంటాడు.

"గేమ్ అన్నా. పాతకాలం వీడియో గేమ్ లెక్క బొమ్మలన్నీ గళ్ళు గళ్ళు. ఆంటీ వర్సెస్ వింటర్ అని పేరు. ఇది ట్రైలర్, శుక్రారం రిలీజ్. మా రూమ్మేట్ అమెరికనోడు, వాడు సుత కింద పడి నవ్విండు."

తెర మీద నైటీ పైన తువ్వాలు వేసుకున్న ఒక ఆంటీ మంచులో పరిగెడుతోంది. చంకలో ప్రెషర్ కుక్కర్. అది విజిల్ వేసినప్పుడల్లా తెల్లటి గుండు ఒకటి బయటికి దూకి ఎదురొచ్చిన దాన్ని పేల్చేస్తోంది. పార్కింగ్ లాట్‌లో దారికి అడ్డం నిలబడ్డ బాతులు పేలాయి. ఆకులు ఊదే మెషిన్లు కాళ్ళు మొలిచి మీదికి వస్తే అవీ పేలాయి. తర్వాత మెడకు మఫ్లర్ చుట్టుకుని గేదె వచ్చింది. ఆగింది. నాలుక చాపి ముక్కు నాక్కుంది. అప్పుడు కుమ్మింది. ఆంటీ గాల్లోకి లేచి ఒక మెయిల్ బాక్సులో తలకిందులుగా పడింది.

"కుమ్మేముందు ముక్కు నాకుడేంది అన్నా," అన్నాడు సాత్విక్ కళ్ళు తుడుచుకుంటూ. "ఎవనికొస్తది గిసొంటి ఐడియా."

ఎవరికొస్తుందో దామోదర్‌కు తెలుసు. ఆ గేదె అతని భార్య రేణు పుట్టింటిది. దాన్ని రేణు ఆరుసార్లు గీసి ఆరుసార్లు చెరిపింది. డైనింగ్ టేబుల్ మీద గ్రాఫ్ కాగితం పరుచుకుని, పెన్సిల్ మొనతో గళ్ళు లెక్కపెట్టేది. పెదవులు కదిలేవి, అంకె వినపడేది కాదు. పెళ్ళికి ముందు మ్యాటీ గుడ్డల మీద దారంతో చిలకలు, పూలు కుట్టిన చెయ్యి అది. ఏ గడి నింపాలో, ఏది వదలాలో ఆ చేతికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"బొమ్మలు ఎవరు గీశారని రాశారు?"

"ఇక్కడి పిల్లగాడే అన్నా. శ్రేయాస్ అని. మన తెలుగోడే. కింద ఇంటర్వ్యూ ఉన్నది." సాత్విక్ వేలితో తెరను జరుపుకుంటూ చదివి తెలుగులో చెప్పాడు. "బొమ్మలన్నీ నేనే గీసిన అంటున్నడు. ఆ బర్రె వాళ్ళ అమ్మమ్మ ఊర్ల ఉండేనట. సెలవులకు పోయినప్పుడు దానితోని ఆడుకునేటోడట."

దామోదర్ డబ్బాకు మూత పెట్టాడు. అన్నం సగం అలాగే ఉంది.

"వాళ్ళ అమ్మమ్మ హైదరాబాద్‌లో నాలుగో అంతస్తులో ఉంటుంది," అన్నాడు. "అక్కడికి గేదె ఎక్కదు."

"వాళ్ళు ఎరికేనా అన్నా మీకు?"

"ఎరికే."

మధ్యాహ్నమంతా కారు తలుపులో పోయే వైర్ల డ్రాయింగ్ ఒకటి తనిఖీ చేశాడు. అరవై నాలుగు పిన్నులు. ప్రతి పిన్ను పక్కన వైరు రంగు, మందం, అది వెళ్ళే చోటు. స్కేలు అడ్డం పెట్టి ఒక్కో వరుసా కిందికి జరుపుకుంటూ చదవడం అతని పద్ధతి. పదహారేళ్ళలో ఒక్క పిన్ను తప్పుపోనివ్వలేదని పేరు. ఆ రోజు పంతొమ్మిదో వరుస దాకా వచ్చి రెండుసార్లు మళ్ళీ మొదటికి వెళ్ళాడు. నాలుగింటికి స్కేలు సొరుగులో పడేసి లేచాడు.

శ్రేయాస్ తండ్రి విశ్వనాథం ఇల్లు ఆఫీసుకు పది నిమిషాల దూరం. తలుపు విశ్వనాథం భార్య విజయశ్రీ తీసింది.

"రండి అన్నయ్యగారూ. ఎన్నాళ్ళకి."

లోపలి నుంచి విశ్వనాథం గొంతు వచ్చింది. "ఎవరూ, దామోదరమా. జీపీయస్ పాడైందేంటయ్యా, మా ఇంటికి తీసుకొచ్చింది."

దామోదర్ బూట్లు విప్పాడు. ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టాడు. "శ్రేయాస్ ఉన్నాడా?"

శ్రేయాస్ బేస్‌మెంట్‌లోంచి పైకి వచ్చాడు. ఇరవై మూడేళ్ళవాడు. రెండేళ్ళుగా ఉద్యోగం చూసుకోకుండా ఆ గేమ్ మీదే కూర్చున్నాడు. దామోదర్ నిలబడి ఉండడం చూసి తనూ మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"బొమ్మలన్నీ నువ్వే గీశావట."

శ్రేయాస్ తల్లివైపు చూశాడు. "అంకుల్, రేణు ఆంటీ చెప్పింది నాకు. నా పేరు పెట్టొద్దు అని. మీరు వరీ అవుతావు అని. వీసా ప్రాబ్లమ్ వస్తది అని."

"అదీ నిజమేగా," అన్నాడు విశ్వనాథం. "హెచ్-ఫోర్ మీద ఉన్న మనిషి పేరు ఇంటర్నెట్‌లో కనపడితే గ్రీన్ కార్డు పోతుందని గోల పెట్టింది ఎవరయ్యా? ఇదిగో, ఈ సోఫాలోనే కూర్చుని."

"నేనే."

"మరి?"

"పేరు వద్దన్నాను. అమ్మమ్మను అద్దెకు తెచ్చుకోమనలేదు."

ఎవరూ నవ్వలేదు. విజయశ్రీ టీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ వెలిగించకుండా అక్కడే నిలబడింది.

భర్త వీసా మీద వచ్చిన భార్య విడిగా అనుమతి లేకుండా ఉద్యోగం చెయ్యకూడదు. సరదాకి గీసినా ఉద్యోగం చేసినట్టే అనుకుంటారని దామోదర్ తనకు తానే తేల్చుకున్నాడు. లాయర్‌ని అడగలేదు. అడిగితే ఆ అడిగిన సంగతి కూడా ఫైల్లో ఎక్కుతుందని భయం. రేణు చనిపోయిన ఆరు నెలలకు గ్రీన్ కార్డుల కవరు వచ్చింది. రెండు కార్డులు ఉండాల్సిన కవర్లో ఒకటే ఉంది.

"వాళ్ళు ఇంటర్వ్యూలో సడన్‌గా అడిగారు, ఈ బర్రె ఎక్కడిది అని," అన్నాడు శ్రేయాస్. "ఐ పానిక్డ్. ఏదో చెప్పేశాను. సారీ అంకుల్."

"సారీ నాకెందుకు. పేరు పెట్టు."

"ఇప్పుడు అంత ఈజీ కాదు. గేమ్ అమ్మే కంపెనీ వాళ్ళకి నేను ఆల్రెడీ సంతకం పెట్టాను, అన్నీ నావే అని. ఇప్పుడు వేరే ఆర్టిస్ట్ అంటే, వాళ్ళ లాయర్‌కి ప్రతి షీట్ మీద ఆంటీ సైన్ కావాలి. ఆంటీ లేదు కాబట్టి మీది. మొత్తం నలభై రెండు షీట్లు. గురువారం నూన్‌కి గేమ్ లాక్ అయిపోతది. తర్వాత ఎవరి పేరూ మార్చరు."

"ఇవాళ సోమవారం. నలభై రెండు సంతకాలకు గంట చాలు. రేపు పట్టుకురా."

"ఓకే. కానీ..."

"కానీ ఏంటి?"

"ఏం లేదు అంకుల్."

విజయశ్రీ చెప్పులు తగిలించుకుని కారు దాకా వచ్చింది. వాకిలి పక్కన ఏప్రిల్ మంచు నల్లగా, గడ్డకట్టి ఉంది.

"అన్నయ్యగారూ, వాడు చిన్నవాడు. అంతా తనే చేశానని చెప్పుకున్నాడు. ఇప్పుడు కాదంటే నలుగురిలో అబద్ధాలకోరు అయిపోతాడు."

"అయ్యాడుగా," అన్నాడు దామోదర్. కారు తలుపు వేసుకున్నాడు.

మంగళవారం ఆరింటికి శ్రేయాస్ కాగితాల కట్టతో వచ్చాడు. దామోదర్ అప్పటికే డైనింగ్ టేబుల్ తుడిచి పెట్టాడు. రెండు పెన్నులు తెచ్చుకున్నాడు, ఒకటి ఆగిపోతే ఇంకొకటి.

రేణు గీసిన గ్రాఫ్ కాగితాలను శ్రేయాస్ అప్పట్లో స్కాన్ చేసి, చూసి, ఒక్కో గడీ కంప్యూటర్లో నింపుకున్నాడు. ఇవి ఆ స్కాన్ల ప్రింట్లు. బొమ్మ పక్కన పెన్సిల్ రాత కూడా ప్రింటులో పడింది. దామోదర్ సంతకం పెట్టేముందు ప్రతి కాగితమూ చదివాడు. 'తోక ఇక్కడ ఒక గడి పైకి.' 'బాతు కోపంగా కాదు, టికెట్ రాసే పోలీసులా చూడాలి.' 'మఫ్లర్ మామూలు ఎరుపు కాదు. పండుమిరప.' 'తువ్వాలు జారకూడదు. ఎగిరినా జారకూడదు. ఆంటీలకు జారదు.'

శ్రేయాస్ కుర్చీలో కదిలాడు. "ఒరిజినల్ పేపర్స్ మీ దగ్గర ఉన్నాయా అంకుల్? ఫోటో తీసి ఆ కంపెనీకి పంపితే గుడ్. ఆంటీ గీసింది అని ప్రూఫ్."

"లేవు."

"ఎక్కడ..."

"రీసైకిలింగ్ బిన్‌లో వేశాను. తను పోయిన నెలలో. కూపన్ల కాగితాలతో పాటు."

శ్రేయాస్ ఫోటో కోసం తీసిన ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఏదైనా అంటే బాగుండునని దామోదర్ చూశాడు. తర్వాతి కాగితం తన ముందుకు లాక్కున్నాడు.

కట్ట అయిపోయింది. దామోదర్ పెన్ను కింద పెట్టలేదు. ప్రతి కాగితానికీ కింది మూలన అంకె ఉంది. ఆఖరి దాని మీద నలభై ఒకటి అని ఉంది.

"ఒకటి తక్కువ."

"అది మేము... అది తీసేస్తున్నాను అంకుల్."

"ఏమిటది?"

"బాస్. అంటే, ప్రతి గేమ్‌లో ఎండింగ్‌లో ఒక పెద్ద ఎనిమీ ఉంటాడు కదా. వాడిని దాటితేనే గేమ్ అయిపోతది. ఆ బొమ్మ అది. నేను వేరేది గీస్తాను. రేపటికి అయిపోతది."

"ఆమె గీసిందేనా అది?"

"యా."

"బాగాలేదా?"

శ్రేయాస్ బల్ల మీద చేతిగోరుతో గీత గీశాడు. "చాలా బాగుంది. బెస్ట్ వన్. కానీ ఇట్స్ నాట్ నైస్, అంకుల్."

"నైస్‌గా ఉందా అని నేనడగలేదు. నలభై రెండు అన్నావు. నలభై రెండూ తీసుకురా. లేకపోతే ఈ నలభై ఒకటీ ఇక్కడే ఉంటాయి."

కట్టను తన వైపుకి లాక్కుని దాని మీద చెయ్యి పెట్టాడు.

బుధవారం శ్రేయాస్ ఫోన్ ఎత్తలేదు. దామోదర్ మూడుసార్లు చేశాడు. నాలుగోసారి చెయ్యబోతుంటే విజయశ్రీ నుంచి ఫోన్ వచ్చింది. ఆఫీసు మెట్ల దగ్గరికి వెళ్ళి తీశాడు.

"ఆ ఒక్క బొమ్మ వదిలేద్దురూ," అంది. "రేణు ఏదో సరదాకి గీసింది. అప్పుడు మేమంతా నవ్వుకున్నాం కూడా."

"మేమంతా అంటే?"

"నేనూ, ఈయనా, వాడూ."

"రేణు?"

"తనే ఎక్కువ నవ్వింది అన్నయ్యగారూ. మా వంటింటి గట్టు పట్టుకుని నవ్వింది. నైటీతో కళ్ళు తుడుచుకుంది."

దామోదర్ మెట్ల మీద కూర్చున్నాడు. పద్నాలుగేళ్ళ కాపురం. గట్టు పట్టుకుని నవ్వే రేణు ఎలా ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించాడు. గట్టు వచ్చింది, విజయశ్రీ వంటిల్లు వచ్చింది. రేణు రాలేదు.

"రేపు పొద్దున తొమ్మిదికల్లా పంపించండి," అన్నాడు. "నేను సెలవు పెడుతున్నాను."

గురువారం తొమ్మిదింటికి శ్రేయాస్ లాప్‌టాప్ సంచితో వచ్చాడు. కాగితాన్ని బోర్లించి బల్ల మీద పెట్టాడు.

"అంకుల్, ముందు ఇది చూడండి." లాప్‌టాప్ తెరిచాడు. మంచుతో చేసిన పెద్ద రాక్షసుడు, నోట్లో చీపురు. "నిన్న అంతా కూర్చుని గీశాను. ఇది పెట్టేద్దాం. దీనికి నా పేరు ఉంటది. మిగతా నలభై ఒకటికి ఆంటీ పేరు. అందరూ హ్యాపీ."

దామోదర్ కాగితం తిరగేశాడు.

గది. గదిలో సగం వరకు ఒక వాలుకుర్చీ. కుర్చీ నిండా ఒక మనిషి. బనీను, భుజం దగ్గర చిరుగు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఉంది. పొట్ట మీద లాప్‌టాప్. కుడి పాదం ఎడమ పాదం మీద వేసి బొటనవేలితో మడమ గోక్కుంటున్నాడు. కుర్చీ చుట్టూ తెల్ల కవర్లు, మోకాలి ఎత్తున. మనిషికి ముఖం అంటే తొమ్మిది గళ్ళే. ఆ తొమ్మిది గళ్ళూ దామోదర్‌వి.

పక్కన మాటల బుడగలు గీసి ఉన్నాయి. 'కార్డు రానీ.' 'తర్వాత చూద్దాం.' 'ఇప్పుడు కాదు.'

"కొడితే ఇవి అంటాడు," అన్నాడు శ్రేయాస్ మెల్లిగా. "కవర్లు విసురుతాడు. సారీ అంకుల్. నేను ముందే తీసేయాల్సింది."

దామోదర్ చూపు కింది వరుసకు దిగింది. అదే మనిషి చిన్న చిన్న తేడాలతో వరసగా మళ్ళీ మళ్ళీ ఉన్నాడు. కదిలినట్టు కనపడాలంటే అలా గీయాలి. స్కేలు కోసం చెయ్యి చాచి, లేదని గుర్తొచ్చి, వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"పదకొండున్నాయి. గేదెకు నాలుగే ఉన్నాయి."

"అన్నిటికీ నాలుగే. అది రూల్. హీరోయిన్‌కి కూడా నాలుగే. దీనికి మాత్రం ఆంటీ వినలేదు. పదకొండు ఉండాల్సిందే అని నాతో ఫైట్ చేసింది. మనిషి కుర్చీలోంచి లేవడు కదా ఆంటీ, ఎందుకు అన్ని అన్నాను. లేవడు కాబట్టే అంది."

ఒకటి, బొటనవేలు. రెండు, బొటనవేలు ఆగడం. మూడు, కళ్ళజోడు నుదుటి నుంచి ముక్కు మీదికి. నాలుగు, లాప్‌టాప్ వైపు మెడ సాగడం. అయిదులో నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తను అలా నోరు తెరుస్తాడని దామోదర్‌కు తెలియదు. తొమ్మిదిలో తల తలుపు వైపుకు కదిలింది. పదిలో సగం దాకా తిరిగి ఆగింది. పదకొండులో మళ్ళీ లాప్‌టాప్ వైపే ఉంది.

పదో బొమ్మ కింద పెన్సిల్ రాత. 'శ్రేయాస్, ఇంతకంటే తిప్పకు. ఆయన పూర్తిగా తిరగరు.'

బయట ఎవరో కారు మీది మంచు గీకుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా దామోదర్ తల ఎత్తలేదు.

"ఆడించు," అన్నాడు.

శ్రేయాస్ ఆఖరి లెవెల్ తెరిచి లాప్‌టాప్ అతని వైపు తిప్పాడు. ఈ మీట నడవడానికి, ఈ మీట ఎగరడానికి, ఇది విజిల్‌కి అని చూపించాడు. ఆంటీ గది గుమ్మంలో నిలబడి ఉంది. కుర్చీలో మనిషి కదిలాడు. కాగితం మీద ఉన్నప్పటికంటే తెర మీద ఎక్కువ తనలా ఉన్నాడు.

దామోదర్ విజిల్ మీట నొక్కాడు. గుండు పోయి మనిషి భుజానికి తగిలింది. 'తర్వాత చూద్దాం.' ఒక కవరు ఎగిరొచ్చింది. ఇంకోటి కొట్టాడు. 'కార్డు రానీ.' కవరు ఆంటీకి తగిలి ఆమె పడిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. వరసగా నొక్కాడు. ముప్ఫై, నలభై, యాభై. వేలు నొప్పి పుట్టింది. కుర్చీలో మనిషికి ఒక్క గడి కూడా చెరగలేదు. ఆంటీ నాలుగోసారి పడిపోయింది.

"ఎన్ని కొట్టాలి వీణ్ణి?"

"ఎన్ని కొట్టినా చావడు అంకుల్."

"మరి?"

"ఆంటీ డిజైన్ అది. అందరూ ఇలాగే కొడతారు. మా టెస్టర్ ఒకడు రెండు అవర్స్ కొట్టాడు. అదే జోక్." శ్రేయాస్ తెర మీద వేలు పెట్టాడు. "కుర్చీ వెనకాల తలుపు చూడండి. దానికి లాక్ లేదు. ఊరికే నడిచి వెళ్ళిపోవడమే. ఆయన ఆపడు. మనం కొట్టకపోతే కవరు కూడా విసరడు."

దామోదర్ మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తెరిచే ఉందా మొదటి నుంచీ?"

"యా. మొదటి నుంచీ."

గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. శ్రేయాస్ దాన్ని ఒకసారి, దామోదర్‌ను ఒకసారి చూశాడు.

"స్నో మాన్ పెట్టేద్దామా అంకుల్? ఇది ఉంటే, మన వాళ్ళందరూ ఆడతారు. మీరే అని తెలిసిపోతది. ఆంటీ పేరు కూడా ఉంటే ఇంకా తెలిసిపోతది."

దామోదర్ పెన్ను మూత తీశాడు. నలభై రెండో కాగితం మీద, పదకొండో బొమ్మకు సరిగ్గా కింద సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. కాగితాన్ని కట్టలో అడుగున పెట్టి, నాలుగు అంచులూ బల్లకు తట్టి సమం చేశాడు.

"పేరు ఎక్కించు. నా ఎదురుగా ఎక్కించు."

శ్రేయాస్ లాప్‌టాప్ తీసుకున్నాడు. బొమ్మలు అన్న మాట కింద ఉన్న తన పేరు చెరిపాడు. అక్కడ రేణు అని కొట్టాడు. "అమ్మమ్మ సంగతి కూడా కరెక్ట్ చేసి పోస్ట్ పెడతాను అంకుల్. ఈరోజే."

"ఎక్కడ కనపడుతుంది పేరు?"

"తలుపు దాటాక."

దామోదర్ లాప్‌టాప్ మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. ఈసారి విజిల్ మీట జోలికి పోలేదు. ఆంటీని మెల్లగా నడిపించాడు. కవర్ల పక్క నుంచి, కుర్చీ పక్క నుంచి. తలుపు దగ్గరికి వచ్చాక ఆపాడు.

కుర్చీలో మనిషి బొటనవేలితో మడమ గోక్కున్నాడు. కళ్ళజోడు దించుకున్నాడు. నోరు తెరిచాడు. తల తలుపు వైపుకు కదిలింది. సగం తిరిగింది. ఆగింది. వెనక్కి పోయింది.

దామోదర్ ఆంటీని కదపలేదు. మనిషి మళ్ళీ గోక్కున్నాడు. మళ్ళీ తల కదిలింది. సగం. వెనక్కి. ఆంటీ తువ్వాలు భుజం మీద అలాగే ఉంది. మూడోసారి. నాలుగోసారి.

"అంకుల్, నిలబడితే ఏం కాదు," అన్నాడు శ్రేయాస్. "ఆయన అంతకంటే తిరగడు. వెళ్ళిపోవాలి."

"తెలుసు."

ఇంకోసారి చూశాడు. సగం దాకా వచ్చింది తల. అది అక్కడ ఉండగానే మీట నొక్కాడు. తలుపు తెరుచుకుంది. ఆంటీ వెళ్ళిపోయింది. కుర్చీలో మనిషి లాప్‌టాప్ వైపు తిరిగాడు.

తెర నల్లబడింది. పేరు కింది నుంచి వచ్చింది. మధ్యలో కాసేపు ఆగి పైకి పోయింది.

దామోదర్ లాప్‌టాప్‌ను శ్రేయాస్ వైపుకి జరిపాడు.

"పంపించు," అన్నాడు.